ఒకే కవి, రెండు ప్రౌఢిమలు

పుస్తకావిష్కరణ సభలో వక్త లేచి "రచయిత భాష చాలా ప్రౌఢంగా ఉంది" అన్నాడంటే రెండింటిలో ఒకటి నిజమై ఉంటుంది. ఆయన పుస్తకం చదవలేదు, లేదా చదివాడు గానీ అర్థం కాలేదు. మెచ్చుకున్నట్టు కనిపిస్తూ తప్పుకోవడానికి ఇంతగా పనికొచ్చే మాట మన విమర్శ పరిభాషలో మరొకటి కనపడదు.

మాట మాత్రం మంచిదే. ప్ర, ఊఢ కలిస్తే గుణసంధి వచ్చి 'ప్రోఢ' కావాలి. కాత్యాయనుడు వార్తికం రాసి ప్రత్యేకంగా వృద్ధి తెప్పించాడు కాబట్టి 'ప్రౌఢ' అయింది. పెళ్లికాని పిల్లను అనూఢ అన్నప్పుడు వినిపించే ఊఢే ఇదీ. మోయబడినది అని అర్థం. ముందుకు సాగి, ఎదిగి, నిండుకొచ్చినది ప్రౌఢం. పాత లెక్కలో పదహారు దాకా బాల, ముప్పై దాకా తరుణి, ఆ తర్వాత యాభై అయిదు దాకా ప్రౌఢ. కన్నడంలో ఇప్పటికీ హైస్కూలు ప్రౌఢశాలే. హిందీలో వయోజన విద్యకి పేరు ప్రౌఢశిక్ష. అంటే ఇరుగుపొరుగు భాషల్లో ఆ మాట ఇంకా వయసునే చెబుతోంది. తెలుగులో దాన్ని పండితులు తీసుకున్నారు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరిస్తే, అందులో మిగిలిపోయిన సంగతులతో బహుజనపల్లి సీతారామాచార్యులు రాసిన గ్రంథానికి ప్రౌఢవ్యాకరణం అని పేరు నిలిచింది. అక్కడితో బాల అంటే తేలిక, ప్రౌఢ అంటే కష్టం అని బడిపిల్లల బుర్రల్లో స్థిరపడిపోయింది. జనం నోట ఇదే మాట 'ప్రోడ' అయితే మాత్రం నేర్పరి, జాణ అనే అర్థం వచ్చింది. ప్రోడకి పుస్తకాల వాసన లేదు, మాటకారితనం ఉంది.

ఇంగ్లీషు వాళ్ల 'సోఫిస్టికేటెడ్' దీనికి దగ్గర చుట్టం. నాజూకైన మనిషికీ, చిక్కైన యంత్రానికీ ఆ ఒక్క మాటే వాడతారు. అయితే ఆ మాట మొదట్లో తిట్టు. కల్తీ అయినదని, సహజత్వం పోగొట్టుకున్నదని దానర్థం. మన ప్రౌఢకి ఆ నింద ఎన్నడూ అంటలేదు. ఒక్కోసారి అంటాల్సిందేమో అనిపిస్తుంది.

ఎదుగుదల, చిక్కుదనం అనే ఈ రెండు అర్థాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చూడడానికి వేరువేరు కవుల్ని పోటీకి నిలబెట్టక్కర్లేదు. పింగళి సూరన ఒక్కడు చాలు. రాఘవపాండవీయం, కళాపూర్ణోదయం రెండూ ఆయనవే. రెండింటినీ సాహిత్య చరిత్రకారులు ప్రౌఢకావ్యాలనే అంటారు. ఆ ఒక్క విశేషణం కింద ఇంత భిన్నమైన రెండు పుస్తకాలు ఎలా ఇమిడాయన్నదే నా ప్రశ్న.

సూరన పదహారో శతాబ్దం వాడు. అష్టదిగ్గజాల్లో ఒకడని సంప్రదాయం చెబుతుంది గానీ, కళాపూర్ణోదయాన్ని అంకితం పుచ్చుకున్న నంద్యాల కృష్ణరాజు కాలాన్ని బట్టి చూస్తే కృష్ణదేవరాయల తర్వాతి తరానికి చెందినట్టు కనిపిస్తాడు. రాఘవపాండవీయం ముందుది. కళాపూర్ణోదయం అవతారికలో కృతిభర్త ఆ పాత పుస్తకాన్ని తలుచుకుని కవిని మెచ్చుకుంటాడు కూడా. ఈ వరస గుర్తుంచుకోవాలి, ముందు ముందు అవసరం పడుతుంది.

రాఘవపాండవీయంలో నాలుగు ఆశ్వాసాలు. ప్రతి పద్యమూ ఒకసారి రామాయణం, ఇంకోసారి భారతం. వేములవాడ భీమకవి ఇలాంటిది ఎప్పుడో రాశాడని పెద్దలు చెప్పడమే తప్ప చూసినవాళ్లు లేరని అవతారికలోనే ఉంది. సంస్కృతంలో ఈ దారి అప్పటికే నలిగినది. కవిరాజు అదే పేరుతో ఒక కావ్యం రాశాడు. తెలుగులో కష్టం వేరు. సంస్కృత పదాలు ఒకదానికొకటి అతుక్కుని సమాసాలై, ఎక్కడ విరిస్తే అక్కడ కొత్త అర్థం ఇస్తాయి. తెలుగు క్రియ, తెలుగు విభక్తి అలా లొంగవు. అయినా సూరన వాటిని లొంగదీశాడు. ఈ విద్య ఎలా నడుస్తుందో చెప్పడానికి ఆయన పద్యం ఎత్తకుండా నా సొంత ఉదాహరణలు రెండిస్తాను. 'హరి' అంటే కోతి, హరి అంటే కృష్ణుడు. 'హరి తోడ్పాటుతో గెలిచాడు' అంటే రాముడి పక్షాన వానరసేన, పాండవుల పక్షాన కృష్ణుడు వచ్చి నిలబడతారు. 'వాలి' అనే రెండక్షరాలు సంస్కృతంలో సుగ్రీవుడి అన్న. తెలుగులో కొమ్మ మీద దిగిన పక్షి చేసిన పని. ఇలాంటివి వందల పద్యాల పొడుగునా, ఛందస్సు తప్పకుండా, రెండు కథలూ ఆగకుండా నడిపించాలి. ఆ పని చేయగలిగినవాడికి దండం పెట్టాల్సిందే. నేనూ పెడతాను.

దండం పెట్టాక చదవడం మొదలవుతుంది. అక్కడే ఇబ్బంది. రాఘవపాండవీయాన్ని వ్యాఖ్యానం లేకుండా చదివేవాళ్లు నాకు తారసపడలేదు. పద్యం చూడడం, కిందికి దిగి రామాయణార్థం చూడడం, మళ్లీ పైకి వెళ్లడం, మళ్లీ దిగి భారతార్థం చూడడం. చూపు ఎక్కి దిగడంతోనే సరిపోతుంది. మనసుకి కూర్చునే చోటు దొరకదు. పైగా రెండు కథలూ మనకు తెలిసినవే. తర్వాత ఏమవుతుందన్న ఆత్రం లేదు. దీన్ని ఎలా కుదిర్చాడన్న ఆత్రమే మిగులుతుంది. ఆ ఆత్రం తీరగానే పద్యం అయిపోతుంది.

అసలు నష్టం భావం దగ్గర. అశోకవనంలో సీత దుఃఖం ఎడబాటు దుఃఖం. రాముడు వస్తాడన్న నమ్మకం దాన్ని నిలబెడుతుంది. సభలో ద్రౌపది దుఃఖం అవమానం. రావాల్సినవాళ్లు అక్కడే తలలు దించుకుని కూర్చున్నారు. ఈ రెండూ ఒక చోట చేరేవి కావు. రెండు కథలు ఒకే మాటల్లో చెప్పే కవికి ఇద్దరికీ సరిపోయే విశేషణాలే పనికొస్తాయి. రాకుమారి, పతివ్రత, కలువకళ్లది. సీతను సీతగా చేసేదీ, ద్రౌపదిని ద్రౌపదిగా చేసేదీ ఆ జల్లెడలో నిలవదు. ద్వ్యర్థి కావ్యం పద్ధతే ఇది: తేడాలు రాల్చేసి ఉమ్మడిగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. శబ్దం ఎంత చిక్కబడితే మనిషి అంత పలచబడతాడు.

అలాగని దీన్ని వట్టి గారడీ అని కొట్టేయడం నాకు ఇష్టం లేదు. ఇతిహాసాలు రెండూ ఎక్కడ ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయో అక్కడ శ్లేష విమర్శకుడి పని చేస్తుంది. దశరథుడు ఏనుగనుకుని మునికుమారుణ్ణి కొట్టాడు. పాండురాజు లేడి రూపంలో ఉన్న కిందముణ్ణి కొట్టాడు. ఇద్దరికీ శాపమే. ఒకడు కొడుకు కోసం ఏడ్చి చచ్చిపోయాడు, ఇంకొకడు భార్యను దగ్గరికి తీసుకుని చచ్చిపోయాడు. రామాయణ, భారతాలు రెండూ వేటలో గురి పొరబడిన ఒక బాణం దగ్గర పుట్టాయన్న సంగతి విడివిడిగా చదివినప్పుడు తట్టదు. ఒకే మాటల్లో రెండు వేటలూ చెవిన పడితే తడుతుంది. అలాగే 'గాలికొడుకు' అంటే అక్కడ హనుమంతుడు, ఇక్కడ భీముడు. భారతంలోనే సౌగంధిక ఘట్టంలో వాళ్లిద్దరూ అన్నదమ్ములుగా ఎదురుపడతారు. శ్లేషకి అక్కడ చుట్టరికం ఆసరా ఉంది. చుట్టరికం లేనిచోట నిఘంటువు ఆసరా. పుస్తకంలో ఎక్కువ భాగం నిఘంటువు మీదే నడుస్తుంది.

తర్వాతి కాలం ఏం నేర్చుకుందో చూడండి. రామరాజభూషణుడు హరిశ్చంద్ర నలోపాఖ్యానం రాశాడు, రెండర్థాలు. ఎలకూచి బాలసరస్వతి మూడర్థాలతో రాఘవయాదవపాండవీయం రాశాడు. రెండు మూడైంది. ప్రౌఢి అంటే లెక్క పెంచడం అనుకున్నారు. వేలంపాటలో ధర పెరిగినట్టు పెరిగింది. పాడినవాళ్లే మిగిలారు గానీ పాట గుర్తున్నవాళ్లు కొద్ది మంది.

ఇప్పుడు కళాపూర్ణోదయం. ద్వారకలో కలభాషిణి అనే వేశ్యాకన్య ఉయ్యాల ఊగుతుంటే కథ మొదలవుతుంది. పైన విమానంలో నలకూబరుడు, రంభ. కింద నారదుడు, ఆయన శిష్యుడు మణికంధరుడనే గంధర్వుడు. రంభ తన ప్రేమ గురించి గర్వంగా నాలుగు మాటలంటుంది. నారదుడికి అది రుచించదు. ఆ చిన్న గర్వం, ఆ చిన్న కినుక కలిసి రాబోయే చిక్కులన్నిటికీ విత్తనాలు. కలభాషిణికి నలకూబరుడి మీద మనసు పడుతుంది. మణికంధరుడు తపస్సుకి కూర్చుంటే దాన్ని చెడగొట్టడానికి రంభ వస్తుంది. అతని దగ్గర ఉండి కూడా ఆమె మనసు నలకూబరుడి మీదే ఉందని తెలిసి మణికంధరుడు నలకూబరుడి రూపం తెచ్చుకుంటాడు. అటు నారదుడి వరంతో కలభాషిణి రంభ రూపం తెచ్చుకుంటుంది. ఈ కొత్త రంభ, ఆ కొత్త నలకూబరుడు కలుస్తారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఎదుటి మనిషి అసలైనదనుకుని ఇద్దరూ మోసపోయారు. తాను నకిలీనని మాత్రం ఇద్దరికీ తెలుసు. ఆమె కోరుకున్న నలకూబరుడి ఒంట్లో ఉన్నది మణికంధరుడు. అతను రంభ అనుకుంటున్నది కలభాషిణి. కోరిక తీరిందా తీరలేదా? రూపాన్ని కోరుకున్నామా, మనిషినా? సూరన ఈ ప్రశ్నలు పైకి అడగడు. కథను ఆ మూలకి నెట్టి వదిలేస్తాడు. అసలు రంభ కూడా వచ్చేస్తుంది, ఇద్దరు రంభలు తగవు పడతారు. చదువరికి నవ్వు వస్తుంది, నవ్వులో చిన్న భయమూ ఉంటుంది.

పద్యాల్లో చేసిన పనినే సూరన ఇక్కడ మనుషులతో చేస్తున్నాడు. రాఘవపాండవీయంలో ఒక మాటలో రెండు కథలున్నాయి. కళాపూర్ణోదయంలో ఒక రూపంలో ఇద్దరు మనుషులున్నారు. ముందు పుస్తకంలో శ్లేష పట్టుకుని ఇద్దరు స్త్రీలను ఒకే వర్ణనలో బిగించి ఇద్దరినీ పోగొట్టుకున్నాడు. తర్వాతి పుస్తకంలో ఆ బిగింపునే కథావస్తువు చేశాడు. ఒకే అందం, ఒకే పేరు, ఒకే వర్ణన ఇద్దరికి సరిపోతే ఆ ఇద్దరికీ ఏమవుతుంది? రంభల తగవు దానికి జవాబు.

కట్టమంచి రామలింగారెడ్డి 1914లో అచ్చయిన కవిత్వతత్త్వ విచారంలో సూరనను నిలబెట్టాడు. కల్పన గల కవి అని, కథ కట్టడం తెలిసినవాడని గట్టిగా చెప్పిన మొదటి పెద్ద గొంతు అది. మన విమర్శకి అదొక మలుపు, కాదనలేం. శబ్దాల ఆట మీద ఆయనకున్న చిరాకు కూడా అర్థమవుతుంది. నా చిరాకూ కొంత అదే. చిక్కేమిటంటే ఆ కొలతతో చూస్తే సూరన రెండు ముక్కలవుతాడు. శ్లేషలు కట్టిన పాత సూరన ఒకడు, భావనాశక్తి గల కొత్త సూరన ఇంకొకడు. అవి రెండు చేతులని నేను అనుకోను. రాఘవపాండవీయం కట్టి ఉండకపోతే కళాపూర్ణోదయం కట్టగలిగేవాడు కాడు. చెయ్యి అదే అన్నదానికి సాక్ష్యం ఆ పుస్తకంలోనే ఉంది. ముందు నుంచి చదివితే తెలుగు, చివరి అక్షరం నుంచి వెనక్కి చదివితే సంస్కృతం అయ్యే పద్యం ఒకటి అందులో ఉంది. అలవాటు పోలేదు. స్థలం మారింది, అంతే.

కథ చెప్పే తీరు కూడా వెనక్కీ ముందుకీ చదవాల్సిన పద్ధతిలోనే ఉంటుంది. కళాపూర్ణుడి కథ అనేది ఒకటుందని, దాన్ని చెప్పడానికి జంకుతారని ముందే చెవిన పడుతుంది. అదేమిటో చాలా దూరం పోతే గానీ తెలియదు. బ్రహ్మ సరస్వతితో ఏకాంతంలో సరదాగా అల్లిన కథ అది. మనం ఇంతసేపూ ఎవరి బతుకులు చదువుతున్నామో వాళ్లంతా ఆ కథలోని మనుషులే. మధురలాలస అనే పసిపాప ఎదమీద మణిహారం తగలగానే నోరు విప్పి పూర్వజన్మ సంగతులు చెబుతుంది. ఆమె ఒకప్పటి కలభాషిణి. కళాపూర్ణుడు ఒకప్పటి మణికంధరుడు. విడివిడిగా కనిపించిన దారాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. పాత పేజీలు తిరగేయాలి. వ్యాఖ్యానం కోసం తిరగేయడం కాదిది. మన మతిమరుపును మనమే పట్టుకోవడానికి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు శీర్షికలోనే ముద్దు చప్పుడునీ, చెప్పకూడని కథనీ పెట్టారు. పుస్తకంలో గుండె ఎక్కడ కొట్టుకుంటుందో వాళ్లు సరిగ్గా పట్టుకున్నారు.

ఇందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టానికి ఈ అల్లికతో పనే లేదు. కాశ్మీరంలో శారదాపీఠం. అక్కడి అర్చకుడి కూతురు సుగాత్రి, ఆమె మొగుడు శాలీనుడు. పేరుకు తగ్గట్టే సిగ్గరి. పెళ్లయ్యాక అమ్మాయిని రోజూ నగలతో, పూలతో ముస్తాబు చేసి గదిలోకి పంపుతారు. అతను కన్నెత్తి చూడడు. ఆడవాళ్లందరికీ ఇది పెద్ద సమస్య అయిపోతుంది, ఇంకో నగ, ఇంకో చీర. శాలీనుడికి అమ్మవారి పూలతోట పనే లోకం. ఒకనాడు సుగాత్రి నగలు తీసేసి, తోటలోకి వెళ్లి అతనితో పాటు పనికి దిగుతుంది. చెమట పట్టి, కొంగు దోపి, వంగి పనిచేస్తున్న ఆమెను అతను మొదటిసారి చూస్తాడు. సిగ్గు ఎటు పోయిందో తెలియదు.

అలంకారం మోయలేక కుంగిపోయే పుస్తకం ఒకటి రాసిన మనిషి ఈ ఘట్టం రాశాడు. నగలన్నీ పెట్టిన సుగాత్రి ఎవరైనా కావచ్చు. ఆ నగలు ఏ ఆడపిల్లకైనా సరిపోతాయి. సీతకీ ద్రౌపదికీ ఒకే విశేషణం సరిపోయినట్టు. నగలు తీసి పనిచేస్తున్న పిల్ల సుగాత్రి ఒక్కతే. ఇది సూరన తన పాత కావ్యం మీద తానే రాసుకున్న విమర్శ అంటే సాగదీసినట్టే అవుతుంది. కానీ ఆ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదివినవాడికి ఆ ఆలోచన రాకుండా ఉండదు. సుగాత్రీ శాలీనుల బంధం అక్కడితో ఆగదు. సరస్వతి మాటతో వాళ్లిద్దరి ఆడతనం, మగతనం తారుమారవుతాయి, పేర్లు మారతాయి, సిద్ధుడు మణిస్తంభుడి కథలోకి ఆ ముడి వచ్చి కలుస్తుంది. పనిలో సాటిగా నిలబడ్డ భార్యాభర్తల దగ్గర మొదలుపెట్టి, స్త్రీపురుషులు చోట్లు మార్చుకునే దాకా తీసుకుపోయాడు. నాలుగు వందల ఏళ్ల పైచిలుకు కిందటి కవి, ఎవరికీ పాఠం చెప్పకుండా.

ఈ ఘట్టం భాష చూడండి. సమాసాలు ఉన్నాయి, ప్రబంధ వర్ణనలూ ఉన్నాయి. సూరన వాటిని వదులుకున్నవాడు కాడు. కానీ పద్యం ఆగి మనల్ని నిలదీయదు. చిక్కంతా ఆ ఇద్దరి మధ్య ఉంది, పదవిభజనలో లేదు. ప్రౌఢ అన్న మాటకి పాత అర్థం, ఎదిగి నిండుకొచ్చినదన్నది, దీనికి పడుతుంది. రాఘవపాండవీయానికి పండితులు స్థిరపరచిన అర్థం పడుతుంది. ఒకే విశేషణం రెంటికీ తగిలించి ఊరుకోవడం వల్ల మొదటి రకానికి వారసులు పుట్టుకొచ్చారు. కళాపూర్ణోదయానికి చెప్పుకోదగ్గ వంశం లేకుండా పోయింది.

కళాపూర్ణోదయం మచ్చలేనిదేమీ కాదు. ఎనిమిది ఆశ్వాసాల్లో రహస్యం విడిపోయాక మిగిలిన భాగం నా మటుకు భారంగానే నడుస్తుంది. కళాపూర్ణుడి జైత్రయాత్ర, ఇద్దరు భార్యల అసూయలు, వేడుకలు అన్నీ ఏ ప్రబంధంలోనైనా దొరికేవే. ముడి విప్పేశాక తాడుతో ఏం చేయాలో తోచనట్టుంది. ముడులు వేయడమే బలమైన కవికి ఇది సహజమైన బలహీనత.

ఆ సంగతి సూరనకి తెలిసిందనే అనుకుంటాను. తర్వాత రాసి తండ్రి అమరనార్యుడికి అంకితమిచ్చిన ప్రభావతీప్రద్యుమ్నం అయిదు ఆశ్వాసాల్లో ముగుస్తుంది. శ్లేషల కోట లేదు, రూపాల తారుమారు లేదు. గాలి కూడా అనుమతి లేనిదే దూరలేని వజ్రపురంలోకి శుచిముఖి అనే ఆడహంస వెళ్లి, మాటలతోనే ప్రభావతి మనసులో ప్రద్యుమ్నుణ్ణి నాటుతుంది. ఎక్కడ పొగడాలో, ఎక్కడ పొగడ్త ఆపి ఊరకుండాలో, ఏ ప్రశ్న వినపడనట్టు నటించాలో దానికి తెలుసు. సరస్వతి దగ్గర బిరుదు తెచ్చుకున్న పక్షి కూడాను. జనం 'ప్రోడ' అన్నది ఇలాంటిదాన్నే అయి ఉంటుంది. సూరన పుస్తకాలు మూడింటిలో తెలుగు చదవడం వచ్చిన ఎవరి చేతిలోనైనా నేను ముందుగా పెట్టేది ఇదే. కళాపూర్ణోదయం రెండోది. రాఘవపాండవీయం, పక్కన వ్యాఖ్యానం తెలిసిన పెద్దాయన ఎవరైనా ఉంటే.